తిరగని చక్రాలు

మధ్యాహ్నం నాలుగింటికల్లా ఆ పిల్లని కోర్టులో హాజరుపరచాలి. ఇప్పుడు పదీ ఇరవై. ఈలోగా నిజం దొరికితే దొరికినట్టు, లేకపోతే కాగితాల మీద రాసిందే నిజమైపోతుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో అలా నిజమైపోయిన సంగతులు నిదానం గారు చాలానే చూశారు. అందుకే ఆయనకు కోపం రాలేదు. ఆవలింత వచ్చింది.

నిదానం ఆయన పేరు కాదు. ఏ కేసిచ్చినా తాపీగా నములుతూ కూర్చుంటాడని స్టేషన్లో కుర్రకారు తగిలించిన బిరుదు. ఈ కేసు అసలు ఆయనది కూడా కాదు, ఇన్‌స్పెక్టర్ చిటికెది. చిటికె వేసేలోగా కేసు తేల్చేస్తాడని అతనికా పేరు. అదంటే అతనికి ముద్దు కూడా. పై అధికారికి మాత్రం ఎక్కడో మనసు పీకి, కోర్టుకి వెళ్లేలోపు నువ్వూ ఒకసారి చూడవయ్యా అని నిదానం గారి నెత్తిన పెట్టాడు. మోకాళ్ల నొప్పులకి సెలవు పెట్టుకుందామనుకున్న రోజునే పెట్టాడు.

కేసు చూడ్డానికి చిన్నదే. చనిపోయినాయన ఆ పిల్లకి మేనమామ. ఓ రెండంతస్తుల మేడలో పై అంతస్తు హాలు అద్దెకు తీసుకుని, సరదాకి రోబోలు చేసుకునేవాళ్ల క్లబ్బు నడిపేవాడు. అందరూ మేష్టారనేవారు. శనివారం సాయంత్రం ఐదూ యాభైకి డాబా కింద, వెనక సందులో పడి ఉండగా వాచ్‌మన్ చూశాడు. చొక్కా గుండీలు రెండు తెగి ఉన్నాయి కాబట్టి కాలు జారి పడలేదు, ఎవరో పట్టుకుని తోశారు. మర్నాడు జరగాల్సిన పోటీ జాబితాలో మేనకోడలి పేరు కొట్టేశాడట. ఆ పిల్ల అరిచిన అరుపు కింద గేటు దాకా వినిపించింది. ఐదూ ఇరవైకి కళ్లు తుడుచుకుంటూ బయటికి పోయింది. ఆరూ పదికి తిరిగొచ్చింది. మధ్యలో వెనక మెట్ల మీదుగా వచ్చి పని ముగించుకు పోయిందని చిటికె లెక్క.

ఆ పిల్ల కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లుంటాయి. అరెస్టు చేసినప్పుడు ఆమె దగ్గర దొరికినవి నాలుగే వస్తువులు: ఫోను, రుమాలు, చిన్న స్క్రూడ్రైవరు, సగం తిన్న చాక్లెట్టు. నిదానం గారు ఆ జాబితా రెండుసార్లు చదివి పక్కన పెట్టారు.

గొడవ గురించి అడిగితే దాచలేదు. పేరెందుకు కొట్టేశావని నిలదీసిందట. గంట ఆగు, పరీక్ష అవనీ, అప్పుడు చెప్తానన్నాడట ఆయన. ఆగలేకపోయింది. బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేసి ఏడ్చింది. తర్వాత ఏ వీధులు తిరిగిందో ఆమెకే గుర్తులేదు.

"ఏం పరీక్ష?" అన్నారాయన.

"నిశ్చలం పరీక్ష సార్. నా తాబేలుకి."

తాబేలంటే ఆమె చేసుకున్న నాలుగు చక్రాల బండి. అరచేతిలో పట్టదు గానీ రెండు చేతుల్లో హాయిగా ఇముడుతుంది. దారి చెప్పేవాళ్లు లేకుండా, గదిలో తనంతట తాను తిన్నగా నడిచి, మలుపు దగ్గర సరిగ్గా తొంభై డిగ్రీలు తిరగాలి. ఎంత తిరిగిందో దానికి తెలియాలంటే రెండు దారులున్నాయని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఒకటి, చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టుకోవడం. రెండోది గైరో అనే చిప్పు. కళ్లు మూసుకుని బస్సులో కూర్చున్నా బస్సు మలుపు తిరిగిన సంగతి మనకి తెలుస్తుందే, అలాంటిది. అయితే ఎక్కువసేపు ఊరికే కూర్చోబెడితే తిరగకపోయినా కాస్త తిరిగాననుకుంటుంది. ఆ భ్రమ గంటకెంతో కొలిచి తీసెయ్యాలి. అందుకని పోటీకి ముందు ప్రతి బండికీ స్విచ్చి వేసి, నేలమీద సుద్దగీత పక్కన పెట్టి, గంటసేపు వదిలేస్తారు. ఆ గంటలో క్లబ్బులో ఎవరూ దాన్ని ముట్టుకోరు. నేల అదరకుండా నడుస్తారు. మేష్టారైతే తుమ్ము వస్తే వరండాలోకి పోయేవాడట.

నిదానం గారు పంచనామా తిరగేశారు. బల్లమీద బొమ్మ కారు ఒకటి, అని రాసి ఉంది.

"బల్లమీదా?" ఆ పిల్ల మొదటిసారి ముందుకి వంగింది. "నేను నేలమీద పెట్టాను సార్. గంట కాకుండా ఎవరు తీశారు?"

చిటికె రాసిన ఇరవై పేజీల్లోనూ ఆ ప్రశ్న లేదు.

*

పదకొండున్నరకి ఆ మేడ ముందు జీపు దిగి, మెట్లకేసి చూసి నిట్టూర్చారాయన. ఒక్కో అంతస్తుకీ మెట్లు సగం దాకా ఒకవైపు ఎక్కి, అక్కడ వెనక్కి తిరిగి మళ్లీ ఎక్కాలి. ముందు మెట్లూ అంతే, వెనక మెట్లూ అంతే. పైకి చేరేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

హాల్లో వరసగా ఆరు బల్లలు, గోడకి చదును చూసే రసమట్టం వేలాడుతోంది. నేలమీద సుద్దగీత, దాని పక్కన నాలుగు చక్రాలకీ నాలుగు గుర్తులు. బోర్డు మీద మేష్టారి చేతిరాత: 5.05 నుంచి 6.05. చెయ్యి పెట్టొద్దు. నిదానం గారు జేబులోంచి పెన్ను తీసి ఆరు బల్లల మీదా అడ్డంగా పెట్టి చూశారు. ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. మేష్టారు బల్లల్ని కూడా రసమట్టం పెట్టి సరిచేసుకునే రకమన్నమాట.

పోటీ జాబితా తలుపు పక్కన అంటించి ఉంది. జూనియర్ల వరసలో ఒక పేరు మీద ఎర్ర సిరాతో గీత. ఆ కాగితం వెనకాల ఇంకో కాగితం ఉంది. పిన్ను తీసి చూశారు. సీనియర్ల జాబితా. టైపు చేసిన పది పేర్ల కింద, అదే ఎర్ర సిరాతో, పదకొండోది ఆ పిల్ల పేరు. పక్కన చిన్న అక్షరాల్లో: నిశ్చలం నెగ్గితే చెప్పాలి.

ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎవరికి చూపించాలో తోచలేదు.

"ఏం గురూగారూ, పెన్నుతో ఆటలాడుతున్నారట?" అంటూ చిటికె గుమ్మంలోకొచ్చాడు. బూట్లు తళతళ్లాడుతున్నాయి. మెట్లెక్కినా ఆయాసం లేదు. నిదానం గారికి అతని మీద కోపం కంటే అతని మోకాళ్ల మీద అసూయ ఎక్కువ కలిగింది.

బండిని నేలమీంచి బల్లమీదకి ఎవరు మార్చారని ఆయన అడిగారు. ఎవరు మారిస్తే ఏమిటన్నాడు చిటికె. కానిస్టేబులు అయ్యుండొచ్చు, గాలి అయ్యుండొచ్చు. కానిస్టేబులు బల్లమీదే చూసి స్విచ్చి తీశానన్నాడని నిదానం గారు గుర్తుచేశారు. బండి కడుపులో మెమరీ కార్డుందట, చూశారా అని అడిగారు.

"చూడకేం? మా నిపుణుడు చూశాడు. చక్రాల లెక్క మొదట్నుంచి చివరిదాకా సున్నాలే. చక్రాలు తిరగలేదు. బండి కదల్లేదు. అయిపోయింది."

"చక్రాలు తిరక్కుండా నేలమీంచి బల్ల ఎలా ఎక్కింది?"

చిటికె ఒక్క క్షణం ఆగాడు. ఆగడం అతనికి అలవాటు లేని పని.

"చూడండి, ఆ పిల్లే ఎత్తి పెట్టుంటుంది. గొడవపడింది, ఏడ్చింది, వెనకనుంచి వచ్చి తోసింది. నాలుగింటికి కోర్టు. మీకు కేసు పెద్దది చేసుకోవాలనుంటే మీ సొంత కేసుల్లో చేసుకోండి."

"ఇల్లలకగానే పండగ కాదు నాయనా. ఆ కార్డు నాకు మూడింటిదాకా ఇవ్వు."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వలేదని రాసుకుంటాను. నా రాత నిదానమే గానీ, ఒకసారి రాశానంటే చెరగదు."

చిటికె నవ్వాడు. నవ్వు మూతి దాకానే వచ్చింది. బండి, కార్డు స్టేషన్లో నా బల్ల సొరుగులో ఉన్నాయి, తీసుకోండన్నాడు. మూడున్నరకి వచ్చి ముద్దాయిని తీసుకెళ్తానని చెప్పి మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.

*

దిగుతూ నిదానం గారు మొదటి అంతస్తులో ఆగారు. మోకాళ్లు ఆగమన్నాయి, పనీ ఉంది. అక్కడ ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే కొట్టొకటుంది. నడిపేది ఆ పిల్ల తండ్రి. తల్లి లేని పిల్లని ఈయనా, పైనున్న ఆ మేనమామా కలిసి పెంచారు. బడి కాగానే ఈ బల్ల కిందే కూర్చుని హోంవర్కు చేసేదని, పదేళ్లకే పైన హాల్లో తేలిందని వాచ్‌మన్ చెప్పాడు.

మనిషి మూడ్రోజుల్లోనే సగమయ్యాడు. కుర్చీ తుడిచి వేసి, అమ్మాయి తిన్నదా సార్ అని అడిగాడు. పొద్దున పంపిన క్యారేజీ తెరవలేదని చెప్పడానికి నిదానం గారికి నోరు రాలేదు. తిన్నదన్నారు.

అడగాల్సినవి అడిగారు. శనివారం ఐదుంపావుకి కొట్టుకి తాళం వేసి, రెండు వీధులవతల మోటారు ఇచ్చిరావడానికి వెళ్లానన్నాడు. ఆరింటికి వచ్చానన్నాడు. అమ్మాయి ఫోన్ దారిలో ఉండగా వచ్చిందన్నాడు. తాళంచెవి మొలతాడుకే ఉంటుంది, ఒక్కటే, రెండోది పోయి నాలుగేళ్లయింది. కూతురి దగ్గర లేదు, ఆమె అడగనూ లేదు.

ఇదంతా రాసుకుని నిదానం గారు పెన్ను బల్లమీద పెట్టారు. పెన్ను మెల్లగా దొర్లుకుంటూ వెళ్లి అవతల ఆయన ఒళ్లో పడింది. ఆయన దాన్ని తీసి, అలవాటైన చేత్తో తిరిగిచ్చాడు.

"బల్ల కావాలనే వాలుగా వేసుకున్నాను సార్. స్క్రూ జారితే నా ఒళ్లోకే రావాలి. నేలమీద పడితే ఈ కళ్లకి దొరకదు."

మంచి ఉపాయమే అనుకున్నారు నిదానం గారు. లేవబోతుంటే ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. తాబేలు చక్రాల చుట్లు లెక్కపెట్టే బిళ్లలు తనే రేకు కోసి చేసిచ్చాడట. ఒక్కో బిళ్లకి ఇరవై చీలికలు, ఒక్కటి కూడా వంకర పోలేదట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆ ముఖంలో కాస్త ప్రాణం కనబడింది. గైరో గురించి అడిగితే అదేమిటో తనకి తెలియదన్నాడు. పిల్ల పోయినవారమే ఏదో కొత్త చిప్పు అతికిస్తున్నానందట.

*

రెండూ నలభై ఐదుకి తాబేలు స్టేషన్లో బల్లమీదుంది. తీగతో కంప్యూటరుకి తగిలించారు. కార్డులో ఉన్నది చదవడం ఆ పిల్లకి తప్ప ఎవరికీ చేతకాదు. ముద్దాయి చేతికే సాక్ష్యం ఇస్తారా అని స్టేషన్ రైటరు గొణిగాడు. అసలు కార్డుకి నకలు తీయించి, నకలే ఆమెకిచ్చారు నిదానం గారు.

ఆ పిల్ల అంకెల్ని గీతలుగా మార్చింది. తెరమీద అడుగున ఒక గీత చదునుగా సాగుతోంది, అది చక్రాల లెక్క. చిటికె నిపుణుడు చూసిన గీత అదే. పైన మూడు గీతలున్నాయి. పక్కకి ఎంత తిరిగింది, ముక్కు ఎంత లేచింది, ఒరిగితే ఎంత ఒరిగింది అన్నవి. ఒరుగు మాత్రం ఎంతసేపైనా తప్పు రాదట, చిప్పుకి భూమి ఎటుందో తెలుస్తుంది కాబట్టి.

"ఇదిగో సార్, ఇరవై నాలుగు నిమిషాలు కదల్లేదు," అంది.

ఐదూ ఐదుకి ఇరవై నాలుగు కలిపితే ఐదూ ఇరవై తొమ్మిది. ఆమె వెళ్లిపోయిన తొమ్మిది నిమిషాల తర్వాత.

"ఇక్కడ ఎత్తారు. చక్రం తిరగలేదు, ఒళ్లు తిరిగింది. చేత్తో ఎత్తితేనే అలా అవుతుంది. ముక్కు ముప్పై ఒక్క డిగ్రీలు పైకి లేపి పట్టుకున్నారు. రొమ్ముకి ఆనించుకున్నట్టు." ఆమె గొంతులో ఇప్పుడు ఏడుపు లేదు, పనిలో పడింది. తన మీద కేసున్న సంగతే మర్చిపోయినట్టుంది. "నడుస్తున్నారు. ఇదిగో, సగం చుట్టు తిరిగారు. మెట్ల మలుపు. ఒక్కటే మలుపు, ఎడమకి. ఎక్కేటప్పుడే అలా తిరుగుతాం, కాబట్టి డాబా మీదికి. అక్కడ నాలుగు నిమిషాలున్నారు. అటూ ఇటూ తిరుగుతున్నారు. ఇక్కడ..."

తెరమీద మూడు గీతలూ ఒక్కసారి ఎగిరిపడ్డాయి. ముప్పై ఒకటో నిమిషం. ఐదూ ముప్పై ఆరు. ఆ పిల్ల వేలు గీత మీదే ఉండిపోయింది. నిదానం గారు మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకి జరిపారు. తాగలేదు.

"తర్వాత?"

"దిగుతున్నారు. ఒక మలుపు." అది హాలు. "ఇంకో మలుపు. తర్వాత కుడికి." ఆమె మాట నెమ్మదించింది. "కింద పెట్టారు. ఆరు నిమిషాలు కదల్లేదు."

"కదలకపోతే ఒరుగు ఎంతుంది?"

తెరమీద అంకె ఉంది, కళ్లజోడు లేకపోయినా నిదానం గారికి కనబడుతూనే ఉంది. ఆరు డిగ్రీలు. ఆరు నిమిషాలూ ఆరు డిగ్రీలే. ఆ తర్వాత మళ్లీ ఎత్తారు, ఒక మలుపు ఎక్కారు, హాల్లో చదునైన బల్లమీద పెట్టేశారు. ఐదూ నలభై ఎనిమిది.

డాబా నుంచి రెండు మలుపులు దిగి, కుడికి తిరిగితే ఏముందో ఆయన మోకాళ్లకి తెలుసు. పొద్దున అక్కడే ఆగాయి. ఒళ్లోకి దొర్లిపోయిన పెన్ను ఇంకా జేబులోనే ఉంది.

నిదానం గారికి ఒళ్లంతా అలుపొచ్చింది. నిజం దొరికిన ప్రతిసారీ ఇంతే, దొరక్కపోతేనే బాగుండేదనిపిస్తుంది.

"నేనే సార్," అంది ఆ పిల్ల, తెరకేసి చూస్తూనే. "నేనే వెనక మెట్ల మీద వచ్చాను. తాబేలుని నేనే తీశాను. కొట్టు తాళంచెవి నా దగ్గర కూడా ఒకటుంది."

"నీ దగ్గర ఫోను, రుమాలు, స్క్రూడ్రైవరు, సగం చాక్లెట్టు దొరికాయి. తాళంచెవి లేదమ్మా."

"పారేశాను."

"గంట కాకముందు నిశ్చలంలో ఉన్న బండిని నువ్వు ముట్టుకుంటావా?"

ఆమె నోరు తెరిచింది. అబద్ధం రాలేదు. హత్య చేశానని చెప్పగలిగింది గానీ, ఆ మాట మాత్రం చెప్పలేకపోయింది. గీతల మీంచి వేలు తీసి, మెల్లగా అంది. "చిటికె సార్ రాసిందే ఉంచెయ్యండి సార్. మావయ్య ఎలాగూ పోయాడు. నాకు మిగిలింది నాన్నొక్కడే. మీకు దణ్ణం పెడతాను."

అంతలో తలుపు చప్పుడైంది. మూడూ ఇరవై. చిటికె ముందే వచ్చాడేమో అనుకున్నారు నిదానం గారు. కాదు. చేతిలో క్యారేజీతో ఆ పిల్ల తండ్రి. కానిస్టేబులు రోజూ చూసే మనిషే కాబట్టి ఆపలేదు.

ఆయన లోపలికొచ్చి కూతుర్ని చూశాడు. కూతురు తలెత్తలేదు. క్యారేజీ ఎక్కడ పెట్టాలా అని బల్లకేసి చూసి, చటుక్కున ఆగిపోయాడు.

"అయ్యో, అంచున పెట్టారేంటి సార్. తీగ లాగితే పడిపోతుంది."

క్యారేజీ కుర్చీలో పెట్టి, రెండు చేతులూ చాచి తాబేలుని ఎత్తాడు. తీగ మెలిపడకుండా చూసుకుంటూ, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రొమ్ముకి ఆనించుకున్నాడు. ముక్కు పైకి లేచింది. బండి ఇంకా కంప్యూటరుకే తగిలించి ఉంది. తెర పైమూల, ఇంతసేపూ సున్నా దగ్గర నిద్రపోతున్న అంకె కదిలింది. పద్నాలుగు. ఇరవై ఆరు. ముప్పై ఒకటి. అక్కడ ఆగింది.

ఆయన ఆ అంకెని చూశాడు, అర్థం కాలేదు. గీతల్ని చూశాడు, అవీ అర్థం కాలేదు. కూతురి ముఖం చూశాడు. అది అర్థమైంది. తాబేలుని బల్ల మధ్యలో జాగ్రత్తగా పెట్టి, చేతులు తుడుచుకుని, క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"చక్రాలు తిరగనివ్వలేదే," అన్నాడు తనలో తను.

బయట జీపు వచ్చి ఆగిన చప్పుడు, చిటికె బూట్ల చప్పుడు వరండాలో వినిపిస్తున్నాయి. ఆయన తల తిప్పి నిదానం గారికేసి చూశాడు. తోద్దామని ఎక్కలేదు సార్, తాబేలుని చూపించి అడుగుదామని ఎక్కాను, అన్నాడు. అమ్మాయి ఫోన్లో అంత ఏడుపు ఎప్పుడూ ఏడవలేదు, అన్నాడు. మేష్టారు నన్నూ గంట ఆగమనే చెప్పాడు, అన్నాడు. తర్వాత ఒక్క సంగతి తేలితే చాలు, ఇంకేమీ అక్కర్లేదన్నట్టు అడిగాడు.

"పేరైతే కొట్టేసిన మాట నిజమే కదా సార్?"

నిదానం గారి చెయ్యి జేబులో మడతపెట్టిన కాగితం మీదికి పోయింది. ఆ పిల్ల కూడా ఇప్పుడు ఆయనకేసే చూస్తోంది.